గల్లీ నొక్కితే కదలాల్సిన అంకె

వదిన పోయిందన్న సంగతి నాకు హిందీలో తెలిసింది. మా చాల్‌లో, ఈ ఒంటిగదుల పాత మేడలో, ఉండేవాళ్ల ఫోన్ గ్రూపులో ఎవరో "భాభీ నహీ రహీ" అని మూడు ముక్కలు రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల మీద ఉన్నాను. ముందు కోపం వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలు కట్టినవాళ్ల మనవళ్లకు, పక్కగది మనిషి చనిపోయిందని చెప్పడానికి సొంత భాషలో మూడు మాటలు కరువయ్యాయా? అక్కడే గోడకు ఆనుకుని జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను. సగంలో గుర్తొచ్చింది, ఇలాంటి జవాబులు రాస్తున్నప్పుడల్లా నన్ను ఆపే మనిషి ఆమేనని. "ఇప్పుడే పంపకు తమ్మీ. పొద్దుగాల మల్ల చదువుకో. అప్పుడు గూడ గట్లనే అనిపిస్తే పంపు" అనేది. రాసింది చెరిపేశాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఆమె భర్తది, మా నాన్నది ఒకే ఊరు. వరస కలిపితే ఆయన నాకు అన్న అయ్యాడు, ఆమె వదిన అయింది. మా రెండు గదులకూ మధ్య ఒక పలచని చెక్కగోడ. ఆ గోడకు ఇటువైపు నేను ఏం రాస్తున్నానో అటువైపు ఆమెకు నా గొంతును బట్టి తెలిసిపోయేది. నాకు రాస్తూ పైకి చదువుకునే అలవాటు.

మా తెలుగు సంఘం వాళ్లు సంతాపసభ కరపత్రానికి ఒక పేజీ రాసిమ్మన్నారు. "సేవామూర్తి, త్యాగశీలి, గల్లీల తల్లి" అని మచ్చుకు వాళ్లే కొన్ని మాటలు ఇచ్చారు. నేను రాయనన్నాను. ఆడమనిషి చనిపోగానే ఆమెను తల్లిని చేసేసి, ఆమె చేసిన పనిని పక్కన పడేయడం మనకు అలవాటైపోయింది. మగవాడు పోతే ఫలానా ఇంజినీరు పోయాడంటాం, ఆడది పోతే కన్నీళ్లు, కరుణ. వదినకు ఒక పని వచ్చు. ఆ పని మీద ఆమెకు గర్వం కూడా ఉంది, అది దాచుకునే మనిషి కాదు. కాబట్టి ఆమెను తలుచుకోవాలంటే ఆ పని గురించే చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

పాత మిల్లు కూలగొట్టి కట్టిన గాజు బిల్డింగులో, సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో ఆమె రిపోర్టులు తయారుచేసేది. బిల్లులు టైపు చేసే పనికి చేరి, అన్ని శాఖల లెక్కలూ తెర మీద చూపించే స్థానానికి వెళ్లింది. ఆ రిపోర్టులు మీలో చాలామంది చూసే ఉంటారు. పైన వరసగా మీటలు ఉంటాయి: ఊరు, నెల, శాఖ. ఒకటి నొక్కితే కింద అంకెలన్నీ మారతాయి. దీన్నే ఫిల్టర్ అంటారు, మన భాషలో జల్లెడ. ఆ అంకెల్లో కొన్ని ఎవరూ టైపు చేసినవి కావు. శాతాలు, సగటులు, ఇలాంటివి. నొక్కినప్పుడల్లా ఫార్ములా అప్పటికప్పుడు కట్టుకుని చూపిస్తుంది. మీట నొక్కగానే ఆ ఫార్ములాలో ఏ భాగం జల్లెడలోంచి దిగాలి, ఏ భాగం కదలకుండా ఉండాలి? ఇది సరిగ్గా చెప్పడమే ఆమె ఉద్యోగం.

నాకు అర్థం కాలేదని ఒకసారి నల్లా దగ్గర బిందె పెట్టి చెప్పింది.

"మన మాళా మీద నీళ్లు పట్టుకున్న ఇండ్లు ఎన్ని? అది పైన రాయి. కింద మన మాళా మీదున్న ఇండ్లు రాయాలె. నువ్వు చాల్ మొత్తం ఇండ్లు రాసినవనుకో, ఏమైతది? మనోళ్లందరు నీళ్లు వట్టుకున్నా, ఏదో కొంతమందికే దొరికినట్టు ఒస్తది. పై అంకె జల్లెడల పడ్డది, కింది అంకె పడలే. అప్పుడు నువ్వేం జేస్తవ్?"

"ఏం చేస్తాను?"

"నీళ్లు దోచుకున్నరని కరపత్రం రాస్తవ్."

మాళా అంటే మా చాల్ భాషలో అంతస్తు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, నీళ్లు నిజంగానే దోచుకుంటున్నారని అక్కడే వాదించాను కూడా. ఆ వాదన ఇక్కడ వద్దు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ రిపోర్టు చేతికొచ్చినా అడుగున ఉన్న మొత్తం వైపు చూసేది కాదు. అన్నింటికన్నా చిన్న ముక్కను ఎంచుకుని, దాని మీట నొక్కేది. ఆఫీసులో అయితే ఒక గుమస్తా, ఒక బండి ఉన్న శాఖ. "ముఖాలు తెలిసిన తావుల నొక్కాలె" అనేది. "మొత్తంల వందలమంది ఉంటరు, తప్పు కలిసిపోతది. నలుగురున్న కాడ నొక్కు. నలుగురి ముఖాలు నీకెరుకైతే, అంకె అబద్ధం చెప్పంగనే దొరుకుతది." కొత్తగా చేరినవాళ్లకు ఇదే మొదటి పాఠం. కంపెనీలో పెద్దవాళ్లకు ఈ పద్ధతి చాదస్తంగా కనిపించేదట. ఆమె పట్టించుకోలేదు.

ఆ పద్ధతి మా గల్లీల్లో ఒక దవాఖానను నిలబెట్టింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఫోరస్ రోడ్ వైపు తిరిగే మలుపులో ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖాన ఉంది. పెద్దదేం కాదు, ఒక గది, ఒక బల్ల, వారానికోసారి వచ్చే డాక్టరు, రోజూ ఉండే ఒక నర్సమ్మ. నర్సమ్మది పాలమూరే. టీబీ మందులు అక్కడ ఇస్తారు. మా గల్లీల్లో దగ్గు ఎందుకుంటుందో నన్నడగకండి. కిటికీ లేని గదిలో ఒకళ్ల మీద ఒకళ్లు పడుకునే మనుషులు సిమెంటు పీల్చి బతుకుతుంటే ఇంకేం ఉంటుంది? పెద్ద ఆసుపత్రిలో వరసలో నిలబడి, హిందీలో తడబడి, రోజు కూలి పోగొట్టుకుని మందులు తెచ్చుకునే ఓపిక అందరికీ ఉండదు. నర్సమ్మ తెలుగులో తిడుతుంది. ఆ తిట్లకే సగంమంది మందులు మింగుతారు.

ఒక ఆదివారం ట్రస్టు తరఫున రిపోర్టులు చూసే సారు వచ్చాడు. సంఘం హాల్లో, గణపతి మండపం వెదుళ్లు ఓ మూలకు నెట్టి, గోడ మీద తెర కట్టారు. సారు హిందీలో, కాస్త ఇబ్బందిగానే, చెప్పాడు. మా గల్లీలున్న కామాటిపురలో మందులు మొదలుపెట్టినవాళ్లలో సగంమంది కూడా పూర్తి చేయడం లేదు. ధారావి దవాఖానలో నూటికి నూరుమంది పూర్తి చేస్తున్నారు. ఉన్న నర్సులే తక్కువ, వాళ్లను ఎక్కడ పెట్టమంటారు? కాబట్టి ఇక్కడి శాఖ మూసి, నర్సమ్మను ధారావికి మారుస్తున్నాం.

నేను లేచాను. ఇది కుట్ర అన్నాను. బిల్డర్ల కన్ను ఈ మలుపు మీద ఉందన్నాను. పేదవాడి రోగాన్ని కూడా మార్కులేసి కొలిచే ఈ దానధర్మాల వ్యాపారం గురించి చాలాసేపు మాట్లాడాను. హాలంతా లొల్లి అయింది. నర్సమ్మ ఓ మూల చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వదిన గుమ్మం మెట్టు మీద కూర్చుని అంతా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె లేచి, నన్ను దాటుకుంటూ ముందుకు వెళ్లింది.

"లీడర్ సాబ్, జర గూసో" అంది నాతో. సారుతో హిందీలో, "సార్, ఆఖ్రీ గల్లీ దబావో" అంది.

సారు కామాటిపుర నొక్కి, దాని కింద చివరి గల్లీ నొక్కాడు. ఆ గల్లీలో మందులు మొదలుపెట్టినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో పూర్తి చేసింది ఒక్కరేనని తెర చెప్పింది. వదిన వేళ్లు మడిచి, మాకందరికీ వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఇస్త్రీబండాయన. మందులైపోయినయని నాకు లడ్డు వెట్టిండు. మేస్త్రి తమ్ముడు. మొన్న కనవడ్డడు, ఒళ్లు జేసిండు. సెంట్రింగ్ పనాయన. ఆయన గూడ అయిపోగొట్టిండు. నర్సమ్మా, ఔనా కాదా?"

"ఔ వదినా. కని ఆల్లకు ఆఖరి మందులు నేనియ్యలే. పని మారింది గద, ధారావికి రాసిచ్చిన."

మా వాళ్ల బతుకు తెలిసినవాళ్లెవరికైనా ఆ ఒక్క మాట చాలు. పాలమూరు కూలి ఒంటరిగా పనికి పోడు. మేస్త్రి వెంట గుంపుగా పోతాడు. ఇక్కడి స్లాబు అయిపోయి మేస్త్రికి ఇంకోచోట పని దొరికితే, గుంపంతా తట్టాబుట్టా సర్దుకుని అక్కడికి చేరుతుంది, వాళ్ల గిరాకీని నమ్ముకున్న ఇస్త్రీబండితో సహా. పోయే ముందు నర్సమ్మ కార్డు మార్చి ఇస్తుంది. మందులు ఇక్కడ మొదలు, అక్కడ ముగింపు.

"ఇప్పుడు ధారావి దబావో" అంది వదిన. నూరు. నెల మార్చమంది. నూరు. ఇంకో నెల. నూరే.

"ఎవ్వరు మధ్యల ఇడిచిపెట్టలే? ఎవ్వరు ఊరికి వోలే?" అంది మావైపు తిరిగి. "అంత మంచిగున్నదంటేనే నాకు అనుమానం."

సారును ఆరోజు నేను శత్రువు కింద జమకట్టాను. ఆయన శత్రువు కాదని వదినకు పది నిమిషాల్లో తెలిసింది. అన్ని శాఖల రిపోర్టులూ ఒంటరిగా చేసుకునే, చెప్పులు అరిగిన ఉద్యోగి. తరువాతి ఆదివారం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, మా చెక్కమెట్లు గోడ పట్టుకుని ఎక్కి వదిన గదికి వచ్చాడు. అన్న పంపు స్టవ్వు మీద టీ పెట్టాడు. వదిన పనిలో ఉన్నప్పుడు ఆ ఇంట్లో టీ పెట్టేది ఎప్పుడూ అన్నే. నన్ను కూడా పిలిచింది. "నువ్వు సూడాలె. సూడకుండ రాస్తవ్ నువ్వు" అని.

కుట్టుమిషను మూత మీద ల్యాప్‌టాప్ పెట్టి ఫార్ములా తెరిచింది. భాగహారం ఒకటే. పైన మందులు పూర్తి చేసినవాళ్లు. కింద, చికిత్స మొదలుపెట్టి ఏదో ఒక ముగింపుకు వచ్చినవాళ్లు. ఇంకా మందులు వాడుతున్నవాళ్లు లెక్కలోకి రారు, అది సబబే. చిక్కల్లా ఎక్కడుందంటే, గల్లీ మీట నొక్కినప్పుడు పై అంకె మనిషి ముగించిన చోటును చూస్తోంది, కింది అంకె మొదలుపెట్టిన చోటును చూస్తోంది. ఇస్త్రీబండాయన ధారావిలో పైన లెక్కకొచ్చాడు, కామాటిపురలో కింద లెక్కకొచ్చాడు. మాకు కింద భారం మిగిలింది, వాళ్లకు పైన లాభం చేరింది. ఏ మీటా నొక్కకుండా మొత్తం చూస్తే మాత్రం అంతా సరిగ్గా ఉంది. ఎవరు ఎక్కడ ముగించినా మొత్తంలో ఉన్నట్టే కదా. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

"అడుగుల మొత్తం కరెక్టున్నదంటే లోపల గూడ కరెక్టున్నట్టు గాదు తమ్మీ" అంది. ఆ మాట విని నా లోపల ఏదో వెలిగింది. అది తర్వాత చెబుతాను.

ఇంకొంచెం కిందికి చదివి పకపకా నవ్వింది. "ఏందిది సార్? ఈడ ఎవరో టోపీ వెట్టిన్రు!"

సారు ముఖం ఎర్రబడింది. శాతం నూరు దాటితే నూరే చూపించమని ఫార్ములాలో ఒక షరతు ఉంది. ధారావి అంకె నూరు దాటిపోతుంటే మీటింగులో పెద్దవాళ్లు నవ్వారట. ఎందుకు దాటుతోందో వెతికే తీరిక లేక, దాటకుండా మూత పెట్టాడట. అన్న టీ గ్లాసు ఆయన చేతికిస్తూ, "కుక్కర్ల ఈల మొత్తుకుంటుంటే దానికి గుడ్డ కట్టిన్రన్నట్టు" అన్నాడు. సారుకు తెలుగు రాదు. వదిన హిందీలో చెప్పింది. ఆయన కూడా నవ్వాడు, పాపం.

ఆమె చేసిన మార్పు చెప్పడానికి చిన్నదే. ప్రతి మనిషినీ మందులు మొదలుపెట్టిన చోటికి ముడివేసింది. ఎక్కడ ముగించినా సరే, గల్లీ మీట నొక్కితే పై అంకె, కింది అంకె రెండూ ఆ మొదటి చోటునుంచే రావాలి. మూత తీసేసింది. చివరి గల్లీ నొక్కింది. అంకె కదిలింది. వేళ్లు మడిచి ఒక్కొక్క ముఖాన్నీ మళ్లీ లెక్కపెట్టింది. సరిపోయింది. ధారావి నొక్కింది. నూరు కాస్తా కిందికి దిగి, దాదాపు మా పక్కన వచ్చి నిలబడింది.

సారు కంగారుపడ్డాడు. ఇప్పుడు ధారావి వాళ్లు ఊరుకోరు, అక్కడి నర్సు రోజంతా కష్టపడుతుంది, ఇంతమందిని ముగింపుకు తెచ్చిన పేరు ఆమెకు దక్కొద్దా అన్నాడు. వదిన తలూపి, పక్కనే రెండో అంకె ఒకటి కట్టింది. ఇక్కడ ముగించినవాళ్లు ఎందరు, వాళ్లు ఎక్కడెక్కడ మొదలుపెట్టారు అని. ధారావి నర్సు కష్టం అందులో నిండుగా కనబడింది.

"ఈ రెండింటిలో అసలు అంకె ఏది మేడమ్?" అని అడిగాడు సారు.

"మీరు అడిగే సవాలు ఏది సార్?" అంది. హిందీలోనే అంది. సవాలు అంటే వాళ్ల భాషలో ప్రశ్న. నాకు మాత్రం మన అర్థంలోనే వినబడింది.

ఇంతవరకూ చదివి, కథ సుఖాంతం అనుకుంటున్నారేమో. ఆగండి. అసలు గొడవ అప్పుడే మొదలైంది.

ఫార్ములా మూసేయబోతూ ఆమె ఇంకొకటి చూసింది. మందులు వాడుతూ మధ్యలో చనిపోయినవాళ్లు కింది అంకెలో లేరు. తీసేశారు. సారు వివరణ ఇచ్చాడు: వాళ్లు మందులు మానలేదు, దవాఖాన తప్పూ లేదు, లెక్కలో ఉంచి శాఖను శిక్షించడం దేనికి? నాకది న్యాయంగా తోచింది. మా గల్లీల్లో అలా పోయినవాళ్లు ధారావి కన్నా ఎక్కువ. వాళ్లను కలిపితే ఇప్పుడే పైకొచ్చిన మా అంకె మళ్లీ కిందికి జారుతుంది. దవాఖాన ప్రాణం ఆ అంకె మీదే ఉంది. ఉండనివ్వమన్నాను.

"అరే, ఇద్దరు ఒక్కటైన్రు!" అంది వదిన అన్నతో. "పేపర్ల ఎయ్యాలె ఈ ముచ్చట."

"వదినా, ఎగతాళి కాదు. మూసేస్తారు."

"మూస్తరేమో."

"తెలిసి తెలిసి మన చేత్తో మనమే మూయించుకుందామా?"

ఆమె ల్యాప్‌టాప్ మూత సగం దించి నావైపు తిరిగింది. "ఆల్లు యాడ మొదలువెట్టిన్రు తమ్మీ? మన గల్లీలనే గద? మన మెట్లు ఎక్కిదిగిన్రు గద? ఆల్లను తీసేస్తె ఏమైతదో ఎరుకేనా? రేపు ఈ గల్లీల ఒకరు సచ్చిపోయిన్రనుకో, మీట నొక్కితె అంకె కదలది. నిన్న ఎంతున్నదో ఇయ్యాల గూడ గంతే. మనిషి వోతె గూడ కదలని అంకెను వెట్టుకోని నేనేం జేసుకోవాలె?"

"అది ఉద్వేగం. ఇది వ్యూహం."

"ఇది ఫార్ములా" అంది. "నీ వ్యూహం సభల మాట్లాడు. నా ఫార్ములల కాదు."

ఆ సాయంత్రం గొంతులు పెరిగాయి. సారు టీ తాగడం మరిచిపోయి మా ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. చివరికి అన్న, "ఆమె ఇనది. నేను పెండ్లైన కాడినుంచి సూస్తున్న" అని తేల్చేశాడు. చనిపోయినవాళ్లు కింది అంకెలోకి తిరిగి వచ్చారు. మా శాతం కొంత జారింది.

ఆరోజు నేనన్నది తప్పని ఈరోజుకీ ఒప్పుకోను. కత్తి మెడ మీద ఉన్నవాడిని నీ లోపాలు నువ్వే ఒప్పజెప్పు అనడం అన్యాయం. ధనవంతుల ఆసుపత్రుల అంకెలకు మూతలు, ముసుగులు ఎన్నుంటాయో ఎవరు తెరిచి చూస్తున్నారు? నిజాయితీ పరీక్ష ఎప్పుడూ పేదవాడికేనా? ఆమె ఉండగా ఈ మాట అంటే, "ఆల్లవి గూడ తెరువు, నేనొస్త" అనేది.

దవాఖాన మూయలేదు. పూర్తిగా నిలబడిందనీ చెప్పలేను. కొత్త అంకెలు చూశాక ట్రస్టువాళ్లు నర్సమ్మను రెండు చోట్లకూ పంచారు. వారంలో సగం ఇక్కడ, సగం ధారావిలో. నేను భగ్గుమన్నాను. వదిన మాత్రం సారు చూపించిన రిపోర్టులో చివరి గల్లీ నొక్కి, అంకె సరిగ్గా ఉందని చూసుకుని, "తలుపు తెరిచున్నది గద. మిగిలిన రోజులకు నువ్వు కొట్లాడు, నేనొద్దంటినా?" అంది. కొట్లాడుతున్నాను. ఆ పని ఇంకా అవలేదు.

ఆ రోజుల్లోనే నాలో వెలిగిన సంగతి మీద ఒక వ్యాసం రాశాను. మొత్తం సరిగ్గా ఉంటే లోపల తప్పు ఎలా దాక్కుంటుందో, దేశం సగటు పెరిగిందని చెప్పేవాళ్లు ఏ గల్లీ మీటా నొక్కరు ఎందుకో, ఇలా. నాకు నచ్చిన వ్యాసం అది. పత్రిక తెచ్చి ఆమెకిచ్చాను. వసారాలో బట్టలు ఆరేస్తూ, క్లిప్పులు నోట్లో పెట్టుకుని, చివరిదాకా చదివింది.

"మంచిగ రాసినవ్" అంది క్లిప్పులు తీసి. "నా ఫార్ములను కొంటవోయి ఢిల్లీల వెట్టినవ్. మన మాళా మీద సండాసు తలుపు ఇరిగి ఎన్నొద్దులాయె, దాని మీద ఒక్క ముక్క రాయవైతివి."

ఆ మరుగుదొడ్డి తలుపు మీద రాశాను. దరఖాస్తు రాశాను. తలుపు వచ్చింది. నా రాతల్లో తక్షణం ఫలించింది బహుశా అదొక్కటే.

దగ్గు మొదలైనప్పుడు ఆఫీసులో ఏసీ వల్ల అంది. షుగరు చాలాకాలంగా ఉంది. బరువు తగ్గుతుంటే అన్నే పట్టుబట్టి నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. టీబీ అని తేలింది. ఆఫీసు బీమాతో పెద్ద ఆసుపత్రికి వెళ్లొచ్చు కదా అంటే, "నర్సమ్మ తిట్టకపోతె నాకు మందు దిగది" అని ఇక్కడే కార్డు రాయించుకుంది. మందులు సరిగ్గా మింగింది. ఒక్క పూటా వదల్లేదని నర్సమ్మ ఒట్టేసి చెబుతుంది. మనిషి మాత్రం కోలుకోలేదు. మెట్లు ఎక్కలేకపోతుంటే, ధారావిలో ఉండే కూతురు వచ్చి తనతో తీసుకెళ్లింది. కార్డు కూడా అక్కడికి మారింది.

వెళ్లాక ఫోన్ చేసింది. ఊపిరి చాలక మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. హాస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"సూసినవా తమ్మీ, నేను గూడ మేస్త్రి గుంపు లెక్కనైతి. ఆడ మొదలు, ఈడ ముగింపు. ఫార్ముల మంచిగ పనిచేస్తదో లేదో ఇగ నా మీదనే సూసుకోవచ్చు."

"పిచ్చిమాటలు మాట్లాడకు వదినా. మందులు పూర్తి చేసి పై అంకెలో చేరు."

"పైనో కిందనో" అంది. "మన గల్లీల మాత్రం ఉంట."

తరువాత ఆసుపత్రి, ఆక్సిజన్, ఆ గ్రూపులో హిందీ ముక్కలు మూడూ.

దినాలయ్యాక, మిగిలిపోయిన మందులు తిరిగి ఇచ్చేద్దామని అన్న అంటే, ఇద్దరం దవాఖానకు వెళ్లాం. నర్సమ్మ ఇక్కడ ఉండే రోజు చూసుకుని వెళ్లాం. మందుల సంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. కంప్యూటరు వైపు తిరిగి, వదిన పేరు ఎదురుగా రాయాల్సింది రాసింది. రాసేటప్పుడు ముక్కు ఎగబీల్చింది. తర్వాత రిపోర్టు తెరిచింది. మేం అడగలేదు, తనే తెరిచింది. ముందు ధారావి నొక్కింది. అక్కడి శాతం ఉన్నచోటే ఉంది. కామాటిపుర నొక్కి, మా గల్లీ నొక్కింది.

పై అంకె అలాగే ఉంది. కింది అంకె ఒకటి పెరిగింది. పక్కన శాతం కొంచెం దిగింది.

"ఏమైంది?" అన్నాడు అన్న.

"తగ్గిందన్నా. జరంత" అంది నర్సమ్మ.

"ఆమె ఉన్నదా అండ్ల?"

"ఉన్నది. గిదో, ఈ కింద."

అన్న చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీసి, పైపంచెతో తుడిచి పెట్టుకున్నాడు. బల్ల మీదుగా వంగి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి, ఆ కింది అంకెను చాలాసేపు చూశాడు, పెళ్లి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ మనిషిని వెతుకుతున్నట్టు. ఆయన చూడటం అయ్యేదాకా నర్సమ్మ మా గల్లీని అలాగే ఉంచింది. ఇంకో మీట నొక్కలేదు.